మా తమ్ముడి నడక – మూలకణాల మాట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి గదా, కరెంటు గురించో సోలార్ గురించో ఒక అరగంట మాట్లాడు" అన్నారు. ముప్పై ఏళ్లు సబ్‌స్టేషన్లలో గడిపినవాణ్ణి కాబట్టి అది నాకు తేలికే. కానీ నేనే వేరే విషయం అడిగి తీసుకున్నాను. వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బుల గురించి, వాటికి మూలకణ చికిత్స, అంటే అందరూ అనే స్టెమ్ సెల్ థెరపీ గురించి మాట్లాడతానన్నాను. నేను డాక్టర్ని కాను. డాక్టర్లయిన పూర్వ విద్యార్థులు ఈ సభలో నలుగురైదుగురు ఉన్నారు. నా మాటల్లో తప్పుంటే వాళ్లు దిద్దాలి. ఒక రోగికి అన్నగా, చదువుకుని కూడా ఒకసారి మోసపోయినవాడిగా మాట్లాడుతున్నాను.

అదిగో, ఆ వేపచెట్టు నీడన చక్రాల కుర్చీలో కూర్చున్నవాడు మా తమ్ముడు. 1988 పదో తరగతి బ్యాచి. ఇదంతా వాడి అనుమతితోనే చెబుతున్నాను. "చెప్పన్నా, కానీ జనాన్ని ఏడిపించొద్దు" అన్నాడు. ఆ మాట చెప్పడానికి వాడికి నిమిషం పట్టింది. మాట ముద్దగా వస్తుంది కానీ, బుర్ర మాత్రం పాదరసమే. వాడితో చదివినవాళ్లకి ఆ సంగతి తెలుసు.

కథ మా నాన్నతో మొదలవుతుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆయనకి నలభై అయిదేళ్లప్పుడు, నడక మారింది. కాళ్లు ఎడంగా వేసి, తూలుతూ నడిచేవాడు. మాట తడబడేది. పసుపు చేలోకి సైకిలు మీద వెళుతూ రెండుసార్లు కాలవలో పడ్డాడు. జన్మలో కల్లుముంత ముట్టని మనిషిని చూసి, "పొద్దున్నే వేసేశాడు" అని రచ్చబండ మీద కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. ఇదే బడి ఆవరణలో ఒకడు మా నాన్న నడకని అనుకరించి చూపించాడు. నేను వాణ్ణి కొట్టాను. హెడ్మాస్టారు ఇద్దరినీ ఎండలో నిలబెట్టారు. వాడు ఈ సభలోనే ఉన్నాడు. ఇప్పుడు నాకు మంచి స్నేహితుడు. తమ్ముణ్ణి ఈ రోజు కారులో ఇక్కడికి తీసుకొచ్చింది వాడే.

ఆ సాయంత్రం సైన్సు మాస్టారు నన్ను ప్రయోగశాల దగ్గరికి పిలిచారు. "మీ నాన్నది తాగుడు కాదురా, నరాల జబ్బులా ఉంది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అన్నారు. తీసుకెళ్లాం. చిన్నమెదడు, అంటే సెరిబెల్లం కుంచించుకుపోతోందన్నారు. శరీరానికి నిలకడనిచ్చేది అదే. మందు లేదన్నారు. ఆ మాట నిజం. ఇవాళ్టికీ నేను ఆ డాక్టరుగారికి రుణపడి ఉన్నాను. లేని మందు ఉందని చెప్పలేదు ఆయన.

నాన్న జబ్బుకి కారణమయిన జన్యువుని శాస్త్రవేత్తలు 1996లో కనుక్కున్నారు. మరుసటి ఏడు నాన్న పోయాడు. ఆయన జబ్బు పేరేమిటో మాకు అప్పటికీ తెలియదు.

తమ్ముడికి ముప్పై ఆరో ఏట మొదలైంది. ఈ మైదానంలో రిలే పందెంలో ఆఖరి బాటను వాడికే ఇచ్చేవాళ్లని మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటివాడు చొక్కా గుండీలు పెట్టుకోలేక మరదలిని పిలవడం మొదలుపెట్టాడు. హైదరాబాదులో చూపించాం. రక్తపరీక్షలో జబ్బు పేరు బయటపడింది: స్పైనో సెరిబెల్లార్ అటాక్సియా, రెండో రకం.

ఇదేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. మన జన్యువుల భాషలో ఉన్నవి నాలుగే అక్షరాలు. ఒక జన్యువులో మూడక్షరాల మాట ఒకటి వరసగా ఇరవై రెండుసార్లో, కాస్త అటూ ఇటుగానో వస్తుంది. అది ముప్పై మూడు దాటితే జబ్బు. మా తమ్ముడికి ముప్పై తొమ్మిదిసార్లు ఉంది. ఎక్కువసార్లు ఉన్నకొద్దీ జబ్బు తొందరగా మొదలవుతుంది. తరం మారినప్పుడు ఆ సంఖ్య పెరగవచ్చు కూడా. నాన్నకి నలభై అయిదులో వచ్చింది తమ్ముడికి ముప్పై ఆరులోనే రావడానికి కారణం అదే. ఆ తప్పు అక్షరాలతో తయారైన ప్రోటీను చిన్నమెదడులోని నాడీకణాలను ఏళ్ల తరబడి మెల్లమెల్లగా చంపుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఒక్క చెడ్డ ప్రతి వచ్చినా చాలు. అంటే ప్రతి బిడ్డకీ సగం అవకాశం. బఠానీ మొక్కల మీద మెండెల్ చేసిన ప్రయోగాలు చెబుతూ మాస్టారు నల్లబల్ల మీద నాలుగు గళ్ల చదరం గీసేవారు, గుర్తుందా? పదో తరగతి పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు పూర్తి మార్కులు వచ్చాయి. ఆ గళ్లలో మా ఇంటి పేరు ఉందని అప్పుడు తెలియదు.

నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాకు లేదని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని తమ్ముడి దగ్గరికి వెళ్లడానికి నాకు పది రోజులు పట్టింది. వాడు చదివి, "మంచిదేగా అన్నా, నన్ను పట్టుకోడానికి ఒకడైనా గట్టిగా నిలబడాలిగా" అన్నాడు.

ఇప్పుడు నా తప్పు సంగతి. 2012లో ఒక ఆదివారం టీవీలో ఒక కార్యక్రమం చూశాం. ఒక నగరంలోని ఒక కేంద్రం వాళ్లు మాట్లాడుతున్నారు. నరాల జబ్బు ఏదైనా సరే, మూలకణాలతో బాగవుతుందన్నారు. మంచం దిగి నడిచినవాళ్ల వీడియోలు చూపించారు. ఫోన్ చేశాం, వెళ్లాం. తుంటి ఎముకలోంచి మజ్జ తీస్తారు, అందులోంచి కణాలను వేరుచేస్తారు, వాటిని వెన్నులోకి సూదితో ఎక్కిస్తారు. అలా మూడు విడతలు. "ఆయన కణాలే ఆయనకి ఎక్కిస్తున్నాం, ఇందులో ప్రమాదమేముంది?" అన్నారు. ఆ మాట మాకు ఎంతో నచ్చింది. అరెకరం పసుపు చేను అమ్మాం. అన్నీ కలిపి ఏడు లక్షలు దాటింది.

మొదటి విడత తరవాత తమ్ముడు నిజంగానే కొంచెం మెరుగ్గా నడిచాడు. ఇంటిల్లిపాదీ ఏడ్చాం. అమ్మ అయితే కొబ్బరికాయలు కొట్టించింది. మూడు నెలలకి మళ్లీ మొదటికొచ్చింది. మూడో విడత అయిన ఏడాదికి చేతికర్ర వచ్చింది, తరవాత ఈ కుర్చీ వచ్చింది.

మరి ఆ మొదటి మెరుగుదల ఎక్కడిది? ఆ కేంద్రంలో ఉన్న రోజుల్లో రోజుకి మూడు గంటలు ఫిజియోథెరపీ చేయించారు. ఇలాంటి జబ్బుల్లో గట్టిగా వ్యాయామం చేయిస్తే నిలకడ, నడక కొంత మెరుగవుతాయని అధ్యయనాలు ఉన్నాయి. దానికి తోడు ఆశ. వెన్నులో సూది పడిందంటే మనిషి ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తాడు. కొందరికి మందున్న సూది, కొందరికి మందు లేని సూది వేసి, ఎవరికి ఏది వేశారో చూసేవాళ్లకి తెలియకుండా కొలిస్తేనే ఏది దేనివల్ల వచ్చిందో తేలుతుంది. మా దగ్గర అలాంటి కొలతే లేదు. సూదికి ముందు ఎన్ని అడుగులు ఎంతసేపట్లో నడిచాడో కూడా ఎవరూ రాసుకోలేదు.

ఇక్కడే నాకు సిగ్గేస్తుంది. నా ఉద్యోగంలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ వస్తే, ఫ్యాక్టరీ టెస్ట్ రిపోర్టు చూడకుండా లారీ మీంచి దించనివ్వను. ఇన్సులేషన్ విలువ ఎంత, చమురు పరీక్ష ఎప్పుడు చేశారు అని పది ప్రశ్నలు వేస్తాను. అలాంటిది, తమ్ముడి వెన్నులోకి సూది దిగుతున్నప్పుడు ఒక్క కాగితం అడగలేదు.

తరవాతి ఏళ్లలో చదివాను, తెలిసిన డాక్టర్లని విసిగించాను. అడగవలసిన ప్రశ్నలు మూడే అని తేలింది. ఏ కణం? అది లోపలికెళ్లి ఏం చేస్తుంది? జబ్బు ఏ దశలో ఇవ్వాలి?

మొదటి ప్రశ్నతోనే మా కథ తేలిపోతుంది. మా తమ్ముడి జబ్బు వాడి ప్రతి కణంలోనూ రాసి ఉంది. తుంటి ఎముకలోంచి తీసిన కణంలోనూ అదే తప్పు అక్షరమాల ఉంది. పైగా మజ్జలోని మూలకణం సహజంగా తయారుచేసేది రక్తకణాలను. వెన్నులోకి ఎక్కించినంత మాత్రాన అది చిన్నమెదడులోని నాడీకణమై, సరిగ్గా తెగినచోట తీగలు కలిపేసుకోదు.

అయితే బయటి నుంచి ఆరోగ్యకరమైన కణం తెస్తే? అదీ చూశారు. హంటింగ్టన్ జబ్బు అని మా ఇంటి జబ్బుకి దగ్గరి చుట్టం ఒకటుంది. అదే మూడక్షరాల మాట, వేరే జన్యువులో. 2000లో ఫ్రాన్సులో అయిదుగురు రోగులకి పిండం నాడీకణాలను మెదడులో నాటారు. ముగ్గురు మెరుగయ్యారు. ప్రపంచమంతా ఆశపడింది. కొన్నేళ్లకి ఆ మేలు తగ్గిపోయింది. తరవాత ఎక్కువమందితో చేసిన ప్రయోగంలో అసలు మేలే కనబడలేదు. అమెరికాలో ఇలాగే నాటించుకున్న కొందరి మెదళ్లను చనిపోయాక పరీక్షిస్తే, నాటిన కణాలు కూడా క్షీణించాయని 2009లో తేలింది. ఫ్రెంచి శాస్త్రవేత్తలు జరిగింది జరిగినట్టు, కొలతలతో సహా ప్రకటించారు. ఓడిపోయిన ప్రయోగాన్ని ఓడిపోయిందని రాసినవాళ్లని నేను గౌరవిస్తాను.

ప్రమాదమేముంది అన్నవాళ్లకి ఇంకో సంగతి. ఇజ్రాయెల్ కుర్రాడొకడికి పుట్టుకతో అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే జబ్బు. అదీ వంశపారంపర్యమే, అదీ చిన్నమెదడుదే. 2001 నుంచి మూడుసార్లు మాస్కో తీసుకెళ్లి పిండాల నాడీ మూలకణాలను ఎక్కించారు. కొన్నేళ్లకి మెదడులోనూ వెన్నులోనూ కణితులు వచ్చాయి. పరీక్షిస్తే ఆ కణితి కుర్రాడి కణాలది కాదు, దాతల కణాలది. 2009లో ఆ వివరాలు వైద్య పత్రికలో వచ్చాయి. ఆ తండ్రి కూడా నాలాంటివాడే అయ్యుంటాడు. బిడ్డ తూలుతుంటే ఊరుకోలేకపోయాడు.

ఇదంతా విని, మూలకణాలన్నీ బూటకం అనుకుంటారేమో. అదీ తప్పే. ఈ మూడు ప్రశ్నలకీ సరైన జవాబున్న చోట అద్భుతంగా పనిచేసింది.

మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ అని చిన్నపిల్లల జబ్బు ఒకటుంది. పేరు నోరు తిరగదు, ఎం.ఎల్.డి. అందాం. నరం అంటే కరెంటు తీగ అనుకోండి. తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరం మీద మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఈ పిల్లల్లో ఒక ఎంజైము ఉండదు. అది లేక ఒక రకం కొవ్వు పేరుకుపోయి, ఆ తొడుగు పాడవుతుంది. ఏడాది, రెండేళ్లు చక్కగా ఆడుకున్న బిడ్డ నడక మరచిపోతుంది, మాట మరచిపోతుంది.

ఇటలీలో మిలాన్ శాస్త్రవేత్తలు ఏం చేశారంటే, బిడ్డ రక్త మూలకణాలనే బయటికి తీసి, కోరలు పీకిన వైరస్ సాయంతో వాటిలోకి సరైన జన్యువుని చేర్చారు. బిడ్డకి కీమో మందులిచ్చి పాత మజ్జని ఖాళీచేసి, దిద్దిన కణాలను తిరిగి ఎక్కించారు. ఆ కణాల సంతతిలో కొన్ని మెదడులోకి చేరి, లేని ఎంజైముని తయారుచేసి చుట్టుపక్కల కణాలకి పంచుతాయి. చూశారా తేడా? ఇక్కడ కణం చచ్చిన నాడీకణానికి బదులుగా వెళ్లడం లేదు. సరుకు మోసుకెళుతోంది. ఏ సరుకు, ఎలా వెళుతుంది అన్నది ముందే తెలుసు. మొదటి ముగ్గురు పిల్లల ఫలితాలు 2013లో వచ్చాయి. యూరప్ 2020 డిసెంబరులో, అమెరికా 2024 మార్చిలో దీన్ని అనుమతించాయి.

రెండు మెలికలున్నాయి. ఒకటి ఖరీదు. అమెరికాలో పెట్టిన ధర 42.5 లక్షల డాలర్లు, మన లెక్కలో ముప్పై అయిదు కోట్ల పైమాటే. రెండోది వేళ. ఇంగ్లండులో ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లలకీ ఈ జబ్బే. అక్కకి జబ్బు బయటపడ్డాక చెల్లెల్ని పరీక్షించారు. చెల్లెలికి ఇంకా లక్షణాలు రాలేదు కాబట్టి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ద్వారా చికిత్స దొరికింది. అక్కకి అప్పటికే ముదిరిపోయింది, ఇవ్వలేకపోయారు. ఒకే ఇల్లు, ఒకే జబ్బు, ఒకే మందు. పోయిన తొడుగుని ఈ చికిత్స తిరిగి తేలేదు, ఉన్నదాన్ని కాపాడుతుంది.

మగపిల్లలకి వచ్చే అడ్రినో ల్యూకోడిస్ట్రఫీ సంగతీ అంతే. మెదడులో జబ్బు తొలిదశలో ఉండగా దాత మజ్జ ఎక్కిస్తే ఆగుతుందని పారిస్ డాక్టర్లు 1990లోనే చూపించారు. దాత దొరకని పిల్లలకి సొంత కణాలనే దిద్ది ఎక్కించే చికిత్సకి 2022లో అమెరికా అనుమతి వచ్చింది. ఆ చికిత్స ప్రయోగాల్లో పాల్గొన్న 67 మంది పిల్లల్లో ఏడుగురికి తరవాత రక్త క్యాన్సర్లు వచ్చాయని 2024లో లెక్క తేలింది. ఇదీ ప్రకటించారు. నిజమైన చికిత్సకి గుర్తు ఇదే. మేలెంతో కీడెంతో రెండూ చెబుతుంది. మాకు వీడియోలు చూపించినవాళ్లు కీడు గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

మన దేశంలో నియమం లేక కాదు. భారత వైద్య పరిశోధన మండలి, మనం ఐసీఎంఆర్ అంటాం, 2007లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో వాటిని మార్చినప్పుడు పేరులోంచి "చికిత్స" అనే మాటే తీసేసి, "పరిశోధన" మాత్రం ఉంచింది. అంటే మేము వెళ్లిన మరుసటి ఏడన్నమాట. 2017లో మళ్లీ సవరించారు. సారాంశం ఇది: రక్త సంబంధమైన జబ్బుల వంటి వాటికి చేసే మజ్జ మార్పిడి స్థిరపడిన చికిత్స. మిగతాదంతా అనుమతి పొందిన ప్రయోగంలో భాగంగానే జరగాలి. ప్రయోగమైతే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా "ప్రయోగాత్మక మూలకణ చికిత్స" అని చెప్పి, వెంటనే ప్యాకేజీ ధర చెబితే, అక్కణ్ణించి లేచి వచ్చేయండి. నిజమైన ప్రయోగమైతే సీటీఆర్ఐ అనే జాతీయ పట్టికలో నమోదై ఉంటుంది. ఇంటర్నెట్టులో ఎవరైనా చూసుకోవచ్చు. మన ఊరి పిల్లలే ఫోన్లో రెండు నిమిషాల్లో వెతికిపెడతారు.

మరి మా తమ్ముడి జబ్బుకి ఇవాళ ఏముంది? తిప్పికొట్టే మందు లేదు. తప్పు జన్యువు గొంతు నొక్కే మార్గాల కోసం పరిశోధనలు జరుగుతున్నాయి. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాకా మామూలు కణాన్ని వెనక్కి నడిపించి మూలకణంగా మార్చే కిటుకు కనిపెట్టారు, 2012లో నోబెల్ వచ్చింది. దానివల్ల రోగి చర్మం నుంచే నాడీకణాలను గాజుపళ్లెంలో పెంచి, వాటిమీద మందులు పరీక్షిస్తున్నారు. ఈ జబ్బుల్లో మూలకణం ఇవాళ చేస్తున్న గొప్ప మేలు బహుశా ఇదే. అది వెన్నులోకి కాదు, ప్రయోగశాలలోకి వెళ్లింది.

అంతవరకూ చేయగలిగింది చాలా ఉంది. రోజూ వ్యాయామం. మింగేటప్పుడు పొలమారకుండా శిక్షణ. మా నాన్న పోయింది పొలమారి ఊపిరితిత్తులకి చీము పట్టడం వల్లే. తమ్ముడికి గడ్డం కిందకి దించి మింగడం, చిక్కగా చేసిన ద్రవాలు తాగడం నేర్పించారు. స్నానాల గదిలో పట్టుకోడానికి గోడకి గొట్టాలు నేనే బిగించాను. ఏడు లక్షల చికిత్స చెయ్యని పని ఎనిమిది వందల రూపాయల గొట్టం చేసింది. ఆ తరవాత వాడు స్నానాల గదిలో పడలేదు.

అలాగే పరీక్ష. హైదరాబాదులో నిమ్స్‌లోనూ, సీడీఎఫ్‌డీలోనూ జన్యు నిపుణులున్నారు. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఎంపికైన కేంద్రాల ద్వారా, అర్హమైన జబ్బులకి యాభై లక్షల వరకు సాయం దొరికే అవకాశం ఉంది. ఆ జాబితాలో ఒకసారి చేసే చికిత్సతో నయమయ్యే జబ్బుల్లో, తొలిదశలోని అడ్రినో ల్యూకోడిస్ట్రఫీ ఉంది. తొలిదశ అన్న మాట మరచిపోకండి. ఇక్కడ కూర్చున్న ఉపాధ్యాయులకి నా విన్నపం ఇదే. బాగా చదివే పిల్లవాడు హఠాత్తుగా వెనకబడితే, చేతిరాత చెడితే, నడక తూలితే, బెత్తం తీసేముందు తల్లిదండ్రుల్ని పిలవండి. మా సైన్సు మాస్టారు నాడు చేసింది అదే.

మా తమ్ముడికి ఒక కూతురు. చదువు అయిపోవచ్చింది. ఆమెకీ సగం అవకాశం. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. డాక్టర్లు కూడా అదే చెప్పారు. ముందు కూర్చోబెట్టి మాట్లాడారు, తొందరపెట్టలేదు. ఇంట్లో మేమెవరం అడగం. ఒకటి మాత్రం ఆమెకి చెప్పాను. "అమ్మా, ఎవరైనా ఆశ అమ్మడానికొస్తే ముందు పెదనాన్నకి ఫోన్ చెయ్యి. ఈసారి టెస్ట్ రిపోర్టు నేనడుగుతాను."

సంఘం వారు స్వర్ణోత్సవ నిధితో ఏం చెయ్యాలని అడిగారు. ద్వారం దగ్గర కమాను కట్టాలన్న ప్రతిపాదన ఉంది, కట్టండి. దాంతోపాటు బడి మెట్ల పక్కన ఒక ర్యాంపు కూడా కట్టండి. ఇవాళ మా తమ్ముణ్ణి కుర్చీతో సహా నలుగురు ఎత్తి పైకి తెచ్చారు. ఆ నలుగురిలో ఒకడు, మా నాన్న నడకని అనుకరించిన నా స్నేహితుడు. నాన్న చూసి ఉంటే సంతోషించేవాడు.